ఇసుకలో బాణం గుర్తు

అమెరికాలో మా యూటా రాష్ట్రంలో మార్చి వచ్చిందంటే సైకిళ్లు ముందు ఎడారికే పోతాయి. కొండల మీద ఇంకా మంచుంటుంది, కింద మట్టి అప్పటికే ఆరిపోతుంది. ఈ ఏడాది మొదటి సవారీకి సైకిళ్లన్నీ నా ట్రక్కులోనే ఎక్కించాం, అందరం అందులోనే వచ్చాం. చలికాలమంతా కొత్త మోకాలితో కుంటుతూ గడిపినదాన్ని, బండి తోలడానికి మాత్రం బాగానే పనికొచ్చాను.

"తేలికైన దారే ఎంచామే కొరిన్, నీకోసమే," అంది రెనే, గ్లౌజులు తొడుక్కుంటూ. ఇరవై ఏళ్ల స్నేహం మాది.

"నాకోసం ఎవరూ త్యాగాలు చెయ్యక్కర్లేదు."

"డాక్టర్లు మోకాలు మార్చారు గానీ నోరు మార్చలేదు," అన్నాడు గార్త్. మా జట్టుకి ముందు నడిచేది అతనే. అందరితో పాటు నేనూ నవ్వాను.

నాకు కావలసింది ఒక్కటే. ఆఖర్న వచ్చినా సరే, వాళ్లతో కలిసి రావాలి. ఆస్పత్రిలో నన్ను నడిపిస్తుంటే పళ్లు బిగపట్టి తల్చుకున్నది ఈ రోజునే.

మాకో పద్ధతుంది. దారి చీలిన చోటల్లా అందరూ ఆగి, వెనకబడ్డవాళ్ల కోసం చూడాలి. మొదటి చీలిక దగ్గర ఆగారు, కాదనను. నీళ్లు తాగారు, బాదం పప్పులు నమిలారు, ఫొటోలు దిగారు. నేను రొప్పుతూ చేరానో లేదో, "వచ్చేసింది, పదండి," అన్నాడు గార్త్. నేనింకా సీసా మూత కూడా తియ్యలేదు. అలుపు లేనివాళ్లకే విశ్రాంతి అన్నమాట.

రెండో చీలిక దగ్గరా అదే తంతు.

"ఒక్క నిమిషం ఆగితే మీ సొమ్మేం పోయింది?" అన్నాను.

"ఆగితే కాళ్లు పట్టేస్తాయే. పైగా మధ్యాహ్నం గాలి లేస్తుంది, నీకే కష్టం," అంది రెనే.

అన్నీ నాకోసమే మరి. ఒళ్లు మండింది. సైకిలు దిగబోయి తూలాను. ఆ దారి పక్కన నల్లటి మట్టి పొర ఉంటుంది, ఒక్కసారి తొక్కితే మళ్లీ కట్టడానికి ఏళ్లు పడతాయి.

"మట్టి తొక్కకు," అని కేకేశాడు గార్త్. పక్కనే ఉన్నాడు. చెయ్యి మాత్రం అందివ్వలేదు.

మూడో చీలిక ఎండిన వాగు ఇసుకలో. అక్కడెవరూ లేరు. ఇసుకలో బూటు మొనతో గీసిన పెద్ద బాణం ఉంది, కుడివైపుకి. కుడిదారి తిన్నగా ట్రక్కు దగ్గరికి పోతుంది. వాళ్ల సైకిళ్ల జాడలేమో ఎడమవైపు గుట్ట ఎక్కాయి. ఏటా మేం కూర్చుని శాండ్‌విచ్‌లు తినే బండ ఆ గుట్ట మీదే ఉంది. బాణం పక్కన నవ్వుమొహం కూడా వేసి ఉంది. అది రెనే అలవాటు.

ఎవరూ చూడట్లేదు కదా అని ఏడ్చాను. తర్వాత ఎడమవైపు తొక్కి చూశాను. మోకాలు ఒప్పుకోలేదు. పైనుంచి నవ్వులు వినిపించాయి. నన్ను చూసి నవ్వుతున్నారేమో అని చెవులు రిక్కించాను. గార్త్ తన కుక్క గురించి చెబుతున్నాడు. నా ఊసే లేదు.

బాణం చెప్పినట్టే పోయాను. ట్రక్కు తాళాలు ఎప్పట్లాగే ముందు టైరు మీద ఉన్నాయి, ఎవరు ముందొస్తే వాళ్లు తీసుకోవడానికి. నా సైకిలు ఎక్కించాను. వాళ్ల సంచులు, జాకెట్లు, బీరు పెట్టె దింపి నేల మీద ఒద్దికగా పేర్చాను. ఊరేమంత దూరం కాదు, రోడ్డంతా చదునే. ఎదురుగాలి ఉంటుంది, అంతే.

మంచి కాలితో పక్కన ఒక బాణం గీశాను, రోడ్డు వైపుకి. నవ్వుమొహం వేద్దామనుకున్నాను గానీ చేతకాలేదు.

ఊళ్లోకి వస్తుంటే ఫోన్ మోగింది.

"ఎక్కడున్నావే? ట్రక్కేది?" అంది రెనే. మోకాలెలా ఉందని అడగలేదు.

"బాణం గీశానుగా. తేలికైన దారే, మీకోసమే," అన్నాను.

ఇంటికొచ్చి సైకిలు కొక్కేనికి తగిలించాను. వచ్చే మార్చిలో నన్ను రమ్మని పిలిచేవాళ్లెవరూ ఉండరు. ఆ సంగతి ట్రక్కు తీసేటప్పుడే తెలుసు.