టీవీది కాని తప్పు

కమలాకర్ ఫిల్మ్‌నగర్‌లో సినిమాలకు సౌండ్ మిక్సింగ్ చేస్తాడు. యూసుఫ్‌గూడలో మల్లమ్మగారి ఇంటి పై వాటాలో అద్దెకుంటున్నాడు. ఆదివారం మధ్యాహ్నం కొరియర్ పార్సిల్ కోసం కిందికి దిగితే ఆవిడ కూర్చోబెట్టింది.

"సినిమా నడుస్తుంది, జర చూసి పో బిడ్డా. టీవీ మా కోడలు కొన్నది."

అది అతను మిక్సింగ్ చేసిన సినిమానే. ఆ సంగతి ఆవిడకు తెలియదు. సంబరంగా కూర్చున్నాడు.

మల్లమ్మ చేతిలోంచి రిమోట్ దిగలేదు. మాటలు వినబడక సౌండ్ పెంచేది. అంతలో ఫైటింగ్ మొదలై కిటికీ అద్దాలు అదిరేవి. నిద్రలో ఉన్న మనవరాలు చిన్ని ఉలిక్కిపడి ఏడిస్తే మళ్ళీ తగ్గించేది. చివర్లో ఆసుపత్రి మంచం మీద తల్లి కొడుకుతో ఏదో చెప్పింది.

"ఏమన్నది?" మల్లమ్మ భర్తనడిగింది.

"పెదవులాడినయ్, గంతే," అన్నాడు వెంకటనర్సయ్య.

"గీ టీవీకేమైంది బిడ్డా?"

"స్పీకర్లలో ఏదో తేడా ఉన్నట్టుందండీ." ఆ మాట కమలాకర్ నోట్లోంచి తడుముకోకుండా వచ్చేసింది.

బుధవారం పొద్దున మెట్లు దిగుతుంటే లోపలి మాటలు వినిపించాయి.

"చూసి తీసుకోవాలె గదనే. పైనున్న పిలగాడు గూడ స్పీకర్లు ఖరాబన్నడు."

"షాపుల మంచిగనే మోగింది అత్తమ్మా," అంటోంది కోడలు అరుణజ్యోతి.

కమలాకర్ గేటు దాకా వెళ్ళి బండి స్టార్ట్ చేశాడు. అంతలోనే ఆపి వెనక్కొచ్చాడు.

"టీవీ బాగానే ఉందండీ. ఆ సినిమాకి సౌండ్ చేసింది నేనే. థియేటర్లో పెద్ద స్పీకర్లుంటాయి, గుసగుస కూడా వినబడుతుంది. ఇంట్లో చూడ్డానికి మాటలు పెంచి, చప్పుళ్ళు తగ్గించి వేరేగా చెయ్యాలి. దానికి నిర్మాత రెండ్రోజులు టైమిచ్చినా నేను చెయ్యలేదు, థియేటర్ సౌండే టీవీకీ పంపేశాను. ఆ రోజు మీకు అబద్ధం చెప్పాను."

మల్లమ్మ అతన్ని పల్లెత్తు మాట అనలేదు. కోడలి వైపు తిరిగింది.

"జ్యోతీ, నిన్ను ఊకెనే అంటిగదనే."

తిట్టినా బాగుండేదనిపించింది అతనికి. తలెత్తకుండానే రిమోట్ అందుకున్నాడు. సెట్టింగ్స్‌లో పెద్ద చప్పుళ్ళను తగ్గించే నైట్ మోడ్ ఆన్ చేసి, మాటల స్పష్టత పెంచి, ఆ సినిమానే యాప్‌లో మళ్ళీ పెట్టి చూపించాడు. ఫైటింగ్ వచ్చినా అద్దాలు అదరలేదు. మాటలు మాత్రం అక్కడక్కడా మింగేసినట్టే ఉన్నాయి.

"కొంత నయమే," అన్నాడు వెంకటనర్సయ్య.

"షాపాయనకు ఫోన్ జేసి నోటికొచ్చినట్టు తిట్టిన అన్నా," అంది అరుణజ్యోతి మెల్లగా. "ఇప్పుడేం చెప్పాలె?"

"నంబరివ్వమ్మా, నేను చెప్తాను."

వాళ్ళ ముందే నిలబడి ఫోన్ చేశాడు. అటువైపు ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి. అతనికి కూడా మొదటినుంచీ అంతా చెప్పుకోవాల్సి వచ్చింది. రెండోసారి కదా అని ఏమీ తేలికవలేదు.