తుప్పు పెంచిన బండి

మా నెబ్రాస్కాలో బండ్ల తుప్పు గోకి బతికినవాణ్ణి నేను. అలాంటి నా షెడ్డుకే వచ్చి తుప్పు పెంచిపెట్టమన్నాడు వర్జిల్ హోస్కిన్స్. పోయేకాలమంటే ఇదే.

వాళ్ల నాన్న పోయాక ఆయన పికప్ ట్రక్కు కొట్టంలో దొరికింది. ఆయన చేత్తో వేసుకున్న ఆకుపచ్చ రంగు ఇంకా చెక్కుచెదరలేదు. మడ్‌గార్డు మీద మాత్రం అరచేయంత పైపై తుప్పు. గరుకు కాగితం తీశాను.

"గోకావో, చంపేస్తా!" అన్నాడు వర్జిల్. "సంతలో పాతబండ్ల పోటీలో ఇప్పుడు తుప్పుంటేనే అసలైన పాతబండి అని బహుమతిరా. ఏటా ఆ క్లీటస్ గాడే మొదటి బహుమతి నీలం రిబ్బను ఎగరేసుకుపోతున్నాడు. ఈసారి అది మా నాన్న పేరు మీద రావాలి."

"మరి ఈ అరచేయంత చాలదుగా?"

"అందుకేగా నీ దగ్గరికొచ్చింది!"

ఏ ఎండకా గొడుగు పట్టకపోతే షెడ్డుకు తాళమే. రంగంతా గీకేసి, ఉప్పూ వెనిగరూ కలిపి కల్లాపి చల్లినట్టు చల్లాం. తలుపులు ఎర్రగా తేలాయి. పైన వార్నిష్ పూస్తే తుప్పు రాలదన్నాను. మెరిస్తే దొరికిపోతామని వద్దన్నాడు. బండికి అట్ట కట్టాడు: "మా నాన్న చెమటకు గుర్తు."

సంతలో జడ్జి తలుపుని కళ్లతోనే నిమిరి, "ఆహా, ఎంత వయసు!" అని నిట్టూర్చాడు. రిబ్బను బయటికి తీశాడు కూడా.

అప్పుడే వచ్చింది వర్జిల్ వాళ్లమ్మ ఓపల్, సగం తిన్న మొక్కజొన్న కంకితో. నంబరు పలక చూస్తే గానీ బండిని గుర్తుపట్టలేదు.

"ఒరేయ్, ఇది మీ నాన్న బండేనా? ఇదేం ఖర్మరా!" అంటూ చేతిరుమాలు ఉమ్మితో తడిపి తలుపు రుద్దింది. ఆ వయసంతా రుమాలుకి అంటుకొచ్చింది.

"అమ్మా, వదిలెయ్! జడ్జిగారు చూస్తున్నారు."

"చూడనీ! దీన్ని తుడవనిదే ఆదివారం చర్చికి బయల్దేరేవాడు కాదు మీ నాన్న. మంచాన పడేముందు కూడా మైనం పూసి మరీ కొట్టంలో పెట్టాడు."

జడ్జి రిబ్బను పట్టుకుని క్లీటస్ బండివైపు నడిచాడు. నాకు నవ్వాగలేదు. వర్జిల్ ముఖం చూశాక మాత్రం సిగ్గేసింది.

వాడు అట్ట పీకేసి, అమ్మ చేతిలో రుమాలు తీసుకుని రెండో తలుపు తుడవడం మొదలెట్టాడు. ఎంత తుడిచినా కింద ఒట్టి ఇనుమే. ఆకుపచ్చ రంగు ఎక్కడా కనబడలేదు.