మాట్లాడితే పోయే ప్రాణం

మారెక్క పట్టిన కుందేటికి మూడే కాళ్లు. తోడికోడలు రామక్కతో ఆమె మాట్లాడక చాలా ఏళ్లయింది. అప్పట్లో రెండిళ్లకూ కలిపి ఒకటే ఎద్దుల జత. వాటిలో ఒకటి బండల్లో పడి కాలు విరగ్గొట్టుకుంది. మారెక్క దానికి పచ్చిగడ్డి తేవడానికి పోయిన పూటే రామక్క కుందుర్పి నుంచి పశువుల డాక్టరును పిలిపించి సూది వేయించింది. గడ్డిమోపుతో తిరిగొచ్చిన మారెక్కకు కొట్టంలో చచ్చిన ఎద్దు కనబడింది.

"అది మూలుగుతాంటే చూడలేకపోతి మారీ," అంది రామక్క.

"మేత తింటా ఉండేదాన్ని సంపిస్తివి," అంది మారెక్క. అంతే, మాటలు బంద్. రెండిళ్ల మధ్య ఒకటే గోడ. ఇటు దగ్గితే అటు వినబడుతుంది. అయినా సరే, పంతం పంతమే.

ఊళ్లో గంజి కేంద్రం పెట్టిన కరువేడు రామక్కకు పక్షవాతం వచ్చింది. కుడిపక్క పడిపోయింది, మాట పోయింది. అనంతపురం ఆసుపత్రి నుంచి ముక్కులో గొట్టంతో ఇంటికి తెచ్చారు. పడుకుని పడుకుని వీపు పుండ్లు పడింది. కొడుకు ఎర్రిస్వామి మంచివాడు. ఇది ముందే చెబుతున్నా, వాణ్ని తొందరపడి తిట్టుకోవద్దు. తల్లి బాధ చూడలేక ఒకరోజు ఆసుపత్రి డాక్టరు దగ్గరికి పోయాడు. తిరిగొచ్చి, ఎన్నడూ లేనిది, మారెక్క గడపలో కూర్చున్నాడు.

"అమ్మకు సూదేసి పంపించండి సార్ అంటి చిన్నమ్మా. అది ఖూనీ కిందికి వస్తాదప్పా, చట్టం ఒప్పుకోదు అన్నాడు. ఎద్దుకేస్తే పుణ్యం, అమ్మకేస్తే జైలా సార్ అని అడిగితి."

"ఏమన్నాడు?"

"నాకూ తెలీదప్పా అన్నాడు."

తర్వాత వాడు అసలు సంగతి చెప్పాడు. ఊరి ముసలమ్మలు ఒక దారి చూపారట. పగబట్టిన మనిషి వచ్చి, మాట కలిపి, నోట్లో నీళ్లు పోస్తే కొట్టుకుంటున్న ప్రాణం సుఖంగా పోతుందట. "నువ్వొచ్చి ఒక్క మాట మాట్లాడు చిన్నమ్మా. అమ్మ పోతాది."

డాక్టరు వేయనన్న సూదిని తెచ్చి మారెక్క నాలుక మీద పెడుతున్నారు.

"నేను మాట్లాడను పో."

"నీకేం చిన్నమ్మా. పుండ్లు కడిగేది నేను."

మారెక్క లేచి వాడి వెంట నడిచింది.

నులకమంచం మీద రామక్క చిక్కి సగమైంది. కళ్లు మాత్రం తిన్నగా మారెక్కనే చూశాయి. ముసలమ్మలు నీళ్లచెంబుతో సిద్ధంగా ఉన్నారు. మారెక్క ఎర్రిస్వామి వైపు తిరిగింది.

"ఊరందర్నీ అడిగినావు గదరా, మీయమ్మను అడిగినావా?"

వాడు తెల్లబోయాడు. మారెక్క తన చెయ్యి తీసుకుపోయి రామక్క ఎడమ అరచేతిలో పెట్టింది. "అడుగు. ఉండాలని ఉంటే పట్టుకోమను. పోవాలని ఉంటే వదిలేయమను."

ఎర్రిస్వామి ఏడుస్తూనే అడిగాడు. రామక్క పట్టుకుంది. మారెక్క చేతిలో గోళ్లు దిగేలా పట్టుకుంది.

"సరే. బతకమన్నోళ్లే కడగాల," అని మారెక్క చెంబు అవతల పెట్టించి, వేపాకు వేసి నీళ్లు కాచమంది.

ఇక రోజూ వచ్చేది. కడిగేది, పక్కకు తిప్పేది, మందు రాసేది. రామక్కతో మాత్రం ఒక్క మాట లేదు. "రేయ్, మీయమ్మను కాలు కదిలించమను." "గొట్టం పీకినారు గదా, అంబలి ఇంకో గుక్క తాగమను." ఎర్రిస్వామి ఇంట్లో లేకపోతే వాకిట్లో కోళ్లకు చెప్పేది. పంతమంటే ఇదీ అని ఊరు నవ్వింది. నవ్వితే నవ్వనీ, ఊరికేం తెలుసు? మాట కలిస్తే ప్రాణం పోతుందని మారెక్క నిజంగానే భయపడింది. పుండ్లు మానుతూ, రామక్క గోడకు ఆనుకుని కూర్చునేదాకా వచ్చినా ఆ భయం మాత్రం తగ్గలేదు.

మరుసటేడు తొలివాన పడింది. ఎర్రిస్వామి శెనక్కాయ విత్తడానికి చేనికి పోయాడు. మారెక్క అంబలి పట్టిస్తోంది.

"మారీ," అంది రామక్క, పోయిన మాటను తొలిసారి కూడదీసుకుని, నాలుక తిరగక తిరగక. "మాట్లాడు."

పోతానంటోందా? ఏం పాపమొచ్చిందమ్మా అనుకుంది మారెక్క. ఆ రోజు ఉంటావా పోతావా అని అడిగించింది తానే. ఉంటానంటే ఒప్పుకుని, పోతానంటే చెవులు మూసుకుంటే, ఇక అడగడమెందుకు? కళ్లనీళ్లు దిగమింగి కోళ్లవైపు తిరిగింది.

"మీయమ్మ పోతానంటాందేమో, అడుగు."

రామక్క వంకరమూతితో నవ్వింది. "కాదులే. ఊరికే."

మారెక్క గిన్నె కింద పెట్టింది.

"అక్కా," అంది.

అని, రామక్క రొమ్ము వైపు చూస్తూ ఉండిపోయింది. అది పైకి లేచింది, దిగింది. మళ్లీ లేచింది.

"అక్కా," అంది మారెక్క, ఈసారి గట్టిగా. "నువ్వు ఆ పొద్దు ఎద్దుకు చేసింది తప్పే."

"ఊఁ," అని రామక్క అంబలి కోసం నోరు తెరిచింది.