చౌడు నీళ్ల అలవాటు

ఆలూర్ దారిలో లసుమవ్వకున్న అరెకరం మడిని చూసి నవ్వని మనిషి లేడు. కాలువ వచ్చి ఊరి పొలాలన్నీ పచ్చబడ్డాయి గానీ, దాని ఊటంతా ఈ పల్లపు మడిలో చేరి నేల మీద ఉప్పు తేల్చింది. పసుపు పెడితే మొలక మాడింది. మక్కజొన్న వేస్తే మూరెడు ఎదిగి ముడుచుకుంది. సరే, ఏదీ పండని చోట చేప పిల్లల్నే సాకుదామని లసుమవ్వ గుంట తవ్వించింది. వేలెడంత పెంచి, చెరువుల్లో వదిలే బెస్తవాళ్లకు ఇవ్వాలని ఆమె ఆలోచన. ఆడమనిషి ఆలోచన కదా, ఊరికి ఊరు పళ్లికిలించింది. లోకం నోటికి మూత పెట్టేదెవరు!

వాళ్లు నవ్వినట్టే అయింది. తొలకరి వానలకు చేప పిల్లలమ్మే చాంద్ పాషా పోచంపాడు నుంచి సైకిల్ మీద బంగారుతీగ చేప పిల్లల్ని నీళ్ల సంచుల్లో తెచ్చాడు. ఇంటికి లక్ష్మి వచ్చిందనుకుని లసుమవ్వ గట్టు మీద పసుపు కుంకుమలు చల్లి, సంచుల మూతి విప్పి, బొళబొళా గుంటలో ఒంపింది. పొద్దు నడినెత్తికి రాకముందే అన్నీ తెల్లకడుపులతో తేలాయి. ఆమె గట్టు మీదే కూలబడి ఏడ్చింది.

“ఇగ సాలు. ఇటుక బట్టీ గంగాదాస్‌కు మాటిస్త. మట్టన్న పనికొస్తది,” అన్నాడు మొగుడు ముత్తెన్న.

“ఇంకొక్కసారయ్యా. గీసారి గూడ సచ్చినయంటే నేనే ముందట నిలబడి తవ్విస్త.”

అనడమైతే అంది. నిలువెత్తు మట్టి పోతే ఇక అది మడీ కాదు, గుంటా కాదు, ఉత్త బొంద.

పది రోజులకు పాషా మళ్లీ వచ్చాడు. “లసుమక్కా, నీళ్ల ఉప్పుకే పోయినయేమో. జర పైలం,” అన్నాడు. ఆమె సంచి ముడి మీద చెయ్యి వేసిందో లేదో, గట్టు మీద కూర్చున్న అత్త పోచవ్వ ఒక్క అరుపు అరిచింది.

“ఆగు పొల్లా! తియ్యనీళ్లల్ల పుట్టినయి గవి. గట్ల ఉప్పునీళ్లల్ల గుమ్మరిస్తరా? నిన్ను గట్లనే చేసిననా నేను?”

“నన్నేం చేసినవత్తా?”

“నవీపేట నుంచి గోదారి నీళ్లు తాగిన పిల్లవు వస్తివి. మన ఉప్పుబాయి నీళ్లు తాగంగనే కడుపు పట్టుకుంటివి. నువ్వు లేవకముందే వాగు కాడికి పోయి బిందెడు తియ్యనీళ్లు తెచ్చి కుండల కలిపిన. ఒకనాడు చెంబెడు బాయినీళ్లు, ఇంకోనాడు రెండు. నెల తిరిగేసరికి నీకు తెల్వకుండనే అన్నీ బాయినీళ్లే తాగవడితివి.”

లసుమవ్వ సంచి ముడి మీంచి చెయ్యి తీసేసింది. ఇరవై ఏళ్లుగా తన కడుపు దానంతటదే సర్దుకుందనే అనుకుంటూ వచ్చింది. అప్పట్లో ఈ ముసలిది “నీకొక్కదానికే ఉన్నదా గోదారి!” అని పూటకోసారి దెప్పేది. ఆ దెప్పులు ఒక్కటీ మరిచిపోలేదు.

పసుపు ఉడకబెట్టే పెద్ద కడాయిని బూడిదతో తోమి, కాలువ నీళ్లు నింపి, పిల్లల్ని అందులో వదిలారు. తెచ్చిన పిల్లల్లో సగమే. “గుంట సాకేటన్నే సాలు పాషా భాయ్, మిగతయి వేరేటోళ్లకియ్యి,” అంది లసుమవ్వ. ఒక చెంబు కాలువ నీళ్లు తీసి ఒక చెంబు గుంట నీళ్లు పొయ్యడం, గాలి తగిలేలా కడాయి నీళ్లు ఎత్తి పొయ్యడం, పిల్లల కదలిక చూడడం. పోచవ్వ ఎప్పుడు పొయ్యమంటే అప్పుడే లసుమవ్వ పోసింది. రెండో రోజు సాయంత్రానికి కడాయిలో ఉన్నవన్నీ గుంట నీళ్లే. అప్పుడు గట్టు వారగా కడాయిని వంచితే పిల్లలు వాటంతటవే ఈదుకుంటూ పోయాయి.

మర్నాడు తేలలేదు. వారానికీ తేలలేదు. పొద్దున గుప్పెడు తౌడు, అదీ తినేంతే.

నెలన్నరకు గంగాదాస్ మట్టి కోసం రానే వచ్చాడు. ముత్తెన్న అతన్ని గుంట దగ్గరకు తీసుకెళ్లి తౌడు చల్లాడు. నీళ్లు కుతకుతలాడి వేలెడు వేలెడు పిల్లలు పైకి ఎగబడ్డాయి. “మట్టి లేదన్నా. చేపలు గావాల్నంటే మా ఇంటామెనడుగు,” అన్నాడు ముత్తెన్న, మీసం దువ్వుకుంటూ. తానే సాకినట్టు!

ఆ సాయంత్రం లసుమవ్వ అత్త పక్కన కూర్చుంది. “నీళ్లు కలిపినదానివి, మరి గన్ని తిట్లెందుకు తిట్టినవత్తా?”

“మంచిగ మాట్లాడితే మీ అమ్మ యాదికొచ్చి నవీపేట బస్సెక్కుతుంటివి. నా మీది కోపంతోని, పంతానికి ఉండిపోతివి.”

లసుమవ్వ కొంగుతో కళ్లొత్తుకుని, లేచి వెళ్లి చెంబు తెచ్చి అత్త చేతికిచ్చింది.

“ఏం నీళ్లే ఇవి?”

“బాయి నీళ్లే అత్తా. మనయే.”