ఆలివర్ ముక్కున బిళ్ళలు

మా ఆయన డెల్మర్‌కి కాటా మీద ఏనాడూ నమ్మకం లేదు. ఏ ఊరి జాతరకి వెళ్ళినా ముందు అక్కడే తగువు. ట్రాక్టరుని కాటా ఎక్కించి, సీట్లో తను కూర్చుని, అంకె వినగానే "మీ కాటా తాగి ఉంది" అనేవాడు. కాటా దగ్గర కూర్చునేది సొంత చిన్నాన్న కొడుకు ఆర్లోనే. అయినా తగ్గేవాడు కాదు.

ట్రాక్టర్ల లాగుడు పోటీల్లో బండినీ, నడిపే మనిషినీ కలిపే తూస్తారు. మాది ఐదున్నర వేల పౌన్ల తరగతి. ఒక్క పౌను ఎక్కువైనా పై తరగతికి పొమ్మంటారు. తక్కువైతే ఎవరూ ఏమీ అనరు గానీ, తక్కువ బరువుతో పోటీకి దిగేంత తెలివితక్కువవాడు మా ఓహాయోలో ఇంకా పుట్టలేదు. తగ్గిన మేరకి ట్రాక్టరు ముక్కున ఇనప బిళ్ళలు తగిలిస్తారు. వెనక కట్టిన బరువుల బల్లని ఈడ్చేకొద్దీ ట్రాక్టరు ముక్కు గాల్లోకి లేస్తుంది మరి. దాన్ని నేల మీద ఉంచగలిగినవాడే చివరి గీత దాకా పోతాడు. ఆ బిళ్ళలు తగిలించే పని పెళ్ళయిన దగ్గర్నుంచీ నాదే. డెల్మర్ రెంచీ అడిగితే ఏ సైజని అడక్కుండా అందించే ఆడదాన్ని నేనొక్కదాన్నే అని నాకు కొంచెం గర్వం కూడా.

ఆ చలికాలమంతా డెల్మర్ షెడ్డులో ఇంజను విప్పుకుని కూర్చున్నాడు. మా ట్రాక్టరు ఆలివర్ 88, వాళ్ళ నాన్న పొలం దున్నిన బండి. ఆరు సిలిండర్లూ బోరు చేసి పెద్ద పిస్టన్లు దించాడు. సిలిండర్ల మీది హెడ్డు చెక్కాడు. వాల్వులు ఎక్కువసేపు తెరుచుకుని ఉండేలా క్యామ్ షాఫ్టుని తన చేత్తోనే అరగదీశాడు. బరువైన పోత ఇనుము పొగ గొట్టం పీకేసి, పల్చటి గొట్టం వంచి అతికించాడు. మొదటిసారి స్టార్టు చేసిన రోజు వంటింట్లో కప్పులన్నీ కదిలాయి. పరుగెత్తుకెళ్ళి తిట్టాను. నిజం చెప్పాలంటే ఆ చప్పుడు నాకూ నచ్చింది.

జూన్‌లో మొదటి పోటీకి కాటా ఎక్కితే బరువు తగ్గింది.

"చూశావా వెర్నా, కొత్త గొట్టం మహిమ!" అని పొంగిపోయాడు. రెండు బిళ్ళలు తగిలించాను. ఆలివర్ ఎన్నడూ లేనట్టు లాగింది. రెండో బహుమతి వచ్చింది.

తర్వాతి పోటీలో ఇంకొంచెం తగ్గింది.

"హెడ్డు చెక్కాను కదా" అన్నాడు.

"హెడ్డు చెక్కింది జనవరిలో. పోయిన వారానికీ ఈ వారానికీ మధ్య ఏం చెక్కావు?"

"కాటా తాగి ఉంది."

పక్కనే తన ట్రాక్టరుకి గ్రీజు కొడుతున్న గేలెన్ విరగబడి నవ్వాడు. డెల్మర్‌కి చిన్నప్పటి స్నేహితుడు, పోటీలో పగవాడు. "ఒరే డెల్మర్, నీ ఇంజను తన్ను తానే తినేస్తోందిరా! ఇంకో నెలకి సీటూ, స్టీరింగూ మిగులుతాయి!" అన్నాడు. అందరం నవ్వాం.

ఒక ఆదివారం డెల్మర్, గేలెన్, ఆర్లో ముగ్గురూ చర్చి నుంచి వచ్చీ రాగానే బండి కింద దూరారు. నూనె కారుతోందేమో చూశారు. టైర్లలో పోసిన నీళ్ళు పోతున్నాయేమో చూశారు. ఎక్కడైనా నట్టు, బోల్టు, దిమ్మ రాలిపోయిందేమో వెతికారు. అన్నీ ఉన్నాయి. డెల్మర్ బండి కింద నుంచి బయటికి రావడానికి చక్రం పట్టుకుని రెండుసార్లు ఆగాడు. ఆ చక్రం మీది చెయ్యి చూసి నేను చప్పున మొహం తిప్పుకున్నాను. మణికట్టు ఎముక గోలీకాయలా పైకి లేచి ఉంది.

ఆ సాయంత్రం ఉతికిన అతని పని బట్టలు, ఓవరాల్స్, మడతపెడుతూ చూస్తే, భుజం పట్టీల బకిళ్ళు పైదాకా లాగి బిగించేసి ఉన్నాయి. ఇంక లాగడానికి పట్టీ లేదు. కంచంలో పంది మాంసం ముక్కలు తినకుండా కుక్కకి ఎందుకు వేస్తున్నాడో అప్పుడు అర్థమైంది. అంతకు ముందు, కుక్కని గారాబం చేస్తున్నాడని కేకలేశాను.

డెల్మర్ ఏదీ పారేసే మనిషి కాదు. చలికాలమంతా ఇంజనులోంచి గీకిన ఇనప రజను కూడా కాఫీ డబ్బాలో దాచాడు. ఆ డబ్బా తెచ్చి ఆపిల్ పళ్ళు తూచే త్రాసులో పెట్టాను. పండక్కి కోసే టర్కీ కోడంత కూడా తూగలేదు. పాత గొట్టానికీ కొత్తదానికీ తేడా కలిపినా, నేను తగిలించిన బిళ్ళల్లో సగం లెక్క కూడా తేలలేదు. డబ్బా తీసుకెళ్ళి అతని కంచం పక్కన పెట్టాను.

"ఇంజనులోంచి పోయిన ఇనుమంతా ఇదే. మిగతాది నువ్వు. రేపు డాక్టరు దగ్గరికి పద."

"కౌంటీ జాతర అయ్యాక."

"అది సెప్టెంబరులో!"

"అదే చెప్తున్నా."

"కరిగిపోతున్నావయ్యా మనిషీ!"

"మంచిదేగా? నా పొట్ట సీటు మీదుంటే ఎవడికి లాభం? ఆ బరువే ముక్కున ఉంటే లాభం" అని కన్ను కొట్టాడు.

డబ్బా నేలకేసి కొట్టాను. రజను వంటిల్లంతా చిమ్మింది. డెల్మర్ చీపురు తెచ్చాడు. సగం ఊడ్చి, కుర్చీలో కూలబడి, మిగతాది నన్ను ఊడవమన్నాడు.

నెత్తీ నోరూ కొట్టుకున్నా వినలేదు. షెడ్డు తాళం దాస్తే గొళ్ళెం ఊడదీసి లోపలికి వెళ్ళాడు. ఏడిస్తే వీపు నిమిరాడు. చివరికి ఆర్లోని పట్టుకుని, "మీ అన్నని పోటీకి పనికిరాడని చెప్పెయ్యి" అని బతిమాలాను.

"ఏ రూలు చెప్పి ఆపమంటావు వదినా? బరువెక్కితే రూలుంది. తగ్గితే లేదు."

వారం వారం నేనే వంగి బిళ్ళలు తగిలించేదాన్ని. నేను తగిలించకపోతే తనే ఎత్తుకుంటాడు, ఎత్తలేక పడతాడు. అందుకని తగిలించాను. ఒక్కో బిళ్ళా బిగించినప్పుడల్లా ఆలివర్ ఇంకాస్త బాగా లాగేది. జనం వచ్చి ఆ క్యామ్ షాఫ్టు ఎలా అరగదీశాడో చెప్పమని డెల్మర్‌ని అడిగేవాళ్ళు. అతను మురిసిపోయి చెప్పేవాడు. నాకు ఆ జనాన్నీ, ఆ ఇంజన్నీ, అతన్నీ కలిపి తన్నాలనిపించేది.

కౌంటీ జాతర రోజు కాటా ఎక్కాక అన్నాను, "డెల్మర్, ఒక్కసారి దిగు. ఆర్లో, ఉత్త బండిని తూచు."

పేచీ పెడతాడనుకున్నా. పెట్టలేదు, దిగాడు. ఆర్లో తూచి, రెండు అంకెల్నీ కాగితం మీద తీసివేసి, ఏదో తప్పొచ్చినట్టు మళ్ళీ చేశాడు.

"ఎంతరా?" అన్నాడు డెల్మర్.

"నూట నలభై ఎనిమిది పౌన్లు అన్నా."

కిందటి ఏడు రెండొందలు దాటిన మనిషి. పెళ్ళినాడే నూట ఎనభై. గేలెన్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు, నవ్వలేదు. డెల్మర్ ఆ కాగితాన్ని అందుకుని అంకెలు తనూ సరిచూసుకున్నాడు. తర్వాత ఊపిరి వదిలి, "అయితే ఇంజనులో ఏ లోపమూ లేదన్నమాట" అన్నాడు.

అతని మొహంలో నిజంగా సంతోషమే ఉంది.

మా దగ్గర బిళ్ళలు అయిపోయాయి. ఇంకొకటి కావాలి. గేలెన్ తన ట్రాక్టరు ముక్కున ఉన్నది విప్పి తెచ్చి, నా చేతిలో పెట్టాడు. తర్వాత డెల్మర్ చంకలో భుజం పెట్టి సీటెక్కించాడు. డెల్మర్ చివరి గీత దాటాడు. ఆ రోజు ఇంకెవరూ దాటలేదు. జనమంతా బెంచీల మీద లేచి అరుస్తుంటే, దిగలేక స్టీరింగు పట్టుకుని అలాగే కూర్చున్నాడు. గేలెన్, ఆర్లో కలిసి దించారు.

సోమవారం డాక్టరు దగ్గరికి వెళ్ళాం. కడుపులో రాచపుండు, కాలేయం దాకా పాకిందన్నాడు. "జూన్‌లో వచ్చి ఉంటే..." అని మొదలుపెట్టి, నా మొహం చూసి ఆపేశాడు. మంచు పడకముందే డెల్మర్ పోయాడు.

మళ్ళీ జూన్ వచ్చింది. అమ్మెయ్యమని అందరూ అన్నారు. నేను ఆలివర్‌ని ట్రక్కెక్కించుకుని పోటీకి వెళ్ళి, కాటా మీద సీట్లో కూర్చున్నాను.

"వదినా, ఎక్కువుంది" అన్నాడు ఆర్లో మెల్లగా. "నువ్వు అన్నకంటే కొంచెం... మూడు బిళ్ళలు తీసేస్తే సరిపోతుంది."

గేలెన్ రెంచీ పట్టుకుని ముందుకొచ్చాడు. చివర్లో తగిలించింది అతనిచ్చిందే. దాని వెనక ఆగస్టువి, వాటి వెనక జులైవి, అన్నిటికంటే లోపల జూన్‌వి. గేలెన్ నట్టు మీద రెంచీ పెట్టాడు.

"ముట్టుకోకు" అన్నాను.

"వెర్నా, తీయకపోతే పై తరగతికి పోవాలి. అక్కడన్నీ పెద్ద బండ్లు. సగం దూరం కూడా పోలేవు."

"తెలుసు. పై తరగతిలో రాసుకో ఆర్లో."

"ఎందుకొదినా? మూడే మూడు బిళ్ళలు..."

"నీ కాటా తాగి ఉంది" అన్నాను. ఆర్లో రాసుకున్నాడు.

సగం దూరం కూడా పోలేదు. చక్రాలు ఉన్నచోటే తిరిగి గుంట చేసుకున్నాయి. ఇంజను డెల్మర్ చేతి ఇంజనే, చివరిదాకా గర్జించింది. అందరికంటే ఆఖరున నిలిచాను. ముక్కు మాత్రం నేల మీంచి లేవలేదు.