ముసలాడికి ఊపిరాడింది

వీధి వీధంతా ఆవిణ్ణి తొడుగులమ్మ అనే పిలుస్తుంది. వృత్తికి దర్జీ. చొక్కాలు, గౌన్లు, బడిపిల్లల యూనిఫారాలు ఏవైనా కుట్టి ఇచ్చేస్తుంది. కుట్టగా మిగిలిన గుడ్డముక్కలు కంటపడితే మాత్రం ఆవిడ చేతులు ఊరుకోవు. ఫ్రిజ్జుకి తొడుగు, మిక్సీకి తొడుగు, టీవీకి తొడుగు, ఆఖరికి టీవీ రిమోటుకీ ఒక తొడుగు. "కాసేపు కదలకుండా నిలబడితే నాకూ ఒకటి కుట్టేస్తావే అమ్మా" అంటాడు కొడుకు. "నవ్వరా నవ్వు, నా ఇంట్లో దుమ్ముకి వాలడానికి చోటు లేదు" అంటుంది ఆవిడ. మాటకి మాట తగిలించకపోతే ఆవిడకి తిన్నది అరగదు.

ఆ ఇంట్లో కాస్త నిదానంగా మాట్లాడేది కోడలొక్కతే. మాట్లాడటమే ఆ పిల్ల ఉద్యోగం మరి. రేడియోలో వార్తలు చదివేది. ఆ రేడియో కాస్తా మూతపడింది. మూతపడితే పడింది, పోతూ పోతూ అక్కడి పెద్దాయన ఒక మాట అన్నాడు: "నీలాంటి గొంతులకి ఇవి రోజులు కావమ్మా." కత్తి గాయం మానుతుంది గానీ మాట గాయం మానుతుందా? అప్పట్నుంచి కోడలు పేపరు కూడా పైకి చదవడం మానేసింది. తొడుగులమ్మకి ఇది మహా కడుపుమంట. మిషను తొక్కుతూ తొక్కుతూ ఆ పెద్దాయన్ని తలుచుకుందంటే చాలు, దారం తెగేది.

ఇన్నాళ్ళకి ఒక కబురొచ్చింది. చూపులేని పిల్లల కోసం పాఠాలు చదివించి రికార్డు చేసే సంస్థ ఒకటి, గొంతులు కావాలంది. తేనెటీగల మీద ఒక పాఠం పంపించి, దీన్ని చదివి రికార్డు చేసి మా ఆఫీసు మూసేలోపు పంపండి, నచ్చితే పని మీదే అంది. ఆ గడువు ఇవాళే. వారమంతా తటపటాయించి, చివరికి ఇవాళ పొద్దున్న ధైర్యం చేసుకుని కూర్చుంది కోడలు. తీరా కూర్చుంటే ముసలాడు అడ్డం తిరిగాడు.

ముసలాడంటే ఆమె కంప్యూటరు. రేడియోలో చేరిన కొత్తలో తొలి జీతంతో కొనుక్కుంది. కుట్టుగదిలో, మిషనుకి ఎదురుగోడ దగ్గర దాని మకాం. మీట నొక్కితే లేవడానికి ఒక యుగం, లేచాక అడుగు తీసి అడుగు వేయడానికి ఇంకో యుగం. ఇవాళ మైకు పెట్టి ఒక పేజీ చదివి, వెనక్కి తిప్పి వింటే ఏముంది? సగం మాటలు మింగేసింది. మిగిలిన సగం వెనకాల హోరుమని ఒకటే గాలి.

"ఈ కంప్యూటరు తీసి అవతల పారేసి కొత్తది కొందాం" అన్నాడు కొడుకు, చెప్పులేసుకుంటూ.

"ఇవాళ సాయంత్రంలోపు కొని, ఇంటికి తెచ్చి, అన్నీ ఎక్కించి ఇస్తావా?" అంది కోడలు.

వాడు బిక్కమొహం వేసుకుని డ్యూటీకి పోయాడు. ఇల్లు కాలుతుంటే బావి తవ్వుదామనేవాడు వాడు, చిన్నప్పట్నుంచీ అంతే.

ఇలాంటప్పుడు తానైతే ఏం చేసేదో తొడుగులమ్మకి బాగా తెలుసు. ముందు ఆ పెట్టెని నాలుగు తిట్టేది, తర్వాత కొడుకుని, తర్వాత ఆ పెద్దాయన్ని. కోడలు ఒక్క తిట్టూ తిట్టలేదు. జడ ముడేసుకుని కుర్చీ ముందుకి లాక్కుంది. "ముందు ఇది ఏం మోస్తోందో చూద్దాం అత్తయ్యా" అంది. తొడుగులమ్మ కుట్టు ఆపేసి పక్కనే ఒక స్టూలు వేసుకుంది. సాయం చేద్దామని కాదు, చూడకుండా ఉండలేక.

మీట నొక్కగానే తమంతట తామే లేచి కూర్చునేవి ఎన్ని ఉన్నాయో చూపించింది కోడలు. ఎప్పుడో పాడైపోయిన ప్రింటరు తాలూకు ప్రోగ్రాము ఒకటి. ఎవరూ ఆడని చదరంగం ఒకటి. వీటి మీద, కంప్యూటరు వేగం పెంచుతాం మాది పూచీ అనేవి, కొడుకు ఏరికోరి ఎక్కించినవి మూడు.

"వేగం పెంచేవి మూడూ దీని నెత్తిమీదే కూర్చున్నాయా?"

"మూడూ ఒకదాన్నొకటి తనిఖీ చేసుకుంటున్నాయి."

"వాడి పెళ్ళికి వచ్చిన పెత్తందార్లు కూడా ఇంతే, వడ్డించేవాడు ఒకడు, అజమాయిషీ చేసేవాళ్ళు పదిమంది!" అని తొడుగులమ్మ పకపకా నవ్వింది. కోడలు కూడా నవ్వి, ఆ మూడింటినీ సాగనంపింది. ప్రింటరు ప్రోగ్రామునీ తీసేసింది. చదరంగాన్ని మాత్రం పిలిస్తే తప్ప లేవొద్దంది.

తర్వాత లోపల చోటు చూసింది. గోరంత కూడా లేదు. ఎవరు నింపారయ్యా అంటే, అత్తగారే. గౌను మెడలు, చేతులు, అంచుల బొమ్మలు ఇంటర్నెట్‌లో ఎక్కడ కనపడితే అక్కణ్ణుంచి దించమని కొడుకుని పోరేది కదా, అవన్నీ కుప్పలు కుప్పలుగా అందులోనే ఉన్నాయి. అవన్నీ పోతాయేమోనని తొడుగులమ్మ స్టూలు ముందుకి లాక్కుంది. కోడలు మాత్రం "ఇవి మీ సరుకు, ఒక్కటీ పోదు" అని, అరచేతిలో పట్టే డిస్కు ఒకటి తగిలించి అన్నిటినీ అందులోకి ఎత్తింది. ఎత్తాక అక్కడ నిజంగా ఉన్నాయో లేవో తెరిచి చూసింది. ఆ తర్వాతే ఇక్కడివి చెరిపింది. ఆ జాగ్రత్త చూస్తే తొడుగులమ్మకి ముచ్చటేసింది. గుడ్డ కత్తిరించే ముందు రెండోసారి కొలిచే మనిషంటే ఆవిడకి ఎక్కడలేని గౌరవం.

ఒకసారి ఆపి మళ్ళీ లేపితే ముసలాడు కుర్రాడిలా లేచాడు. "అబ్బో!" అంది తొడుగులమ్మ. కోడలు మైకు ముందుకి జరిగి చదవడం మొదలుపెట్టింది. మొదటి పేజీ మాటలు పూసల్లా పడ్డాయి. రెండో పేజీ సగానికి వచ్చేసరికి మళ్ళీ అదే హోరు, అదే మింగుడు.

ఇప్పుడు కోడలి మొహం వాడిపోయింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "వదిలేద్దాం అత్తయ్యా. రాసిపెట్టి లేదేమో. ఆయన అన్నదే నిజమేమో" అంది.

"నోర్ముయ్! రాసిపెట్టడమేంటి రాసిపెట్టడం!" అని కసిరి, కసిరినందుకు తనే నొచ్చుకుని, ఏం చేయాలో తోచక ముసలాడి వీపు మీద చెయ్యేసింది తొడుగులమ్మ. వేసిన చెయ్యి చటుక్కున తీసేసింది. "ఇదేంటే, ఇస్త్రీపెట్టెలా కాలిపోతోంది!"

కోడలు తలెత్తి చూసింది. ఆ పెట్టెకి కూడా ఒక తొడుగు ఉంది. కోడలి మొదటి జీతం పెట్టె కదా అని అన్నిటికన్నా శ్రద్ధగా కుట్టింది తొడుగులమ్మ: లోపల దూది పెట్టి, గళ్ళు గళ్ళుగా కుట్లు వేసి, వెనకవైపు బొత్తాలతో. ముందు మీట దగ్గర ఒక కిటికీ కత్తిరించిందే గానీ, వెనకవైపు గాలి కన్నాలని పూర్తిగా కప్పేసింది. ఎండలో మనిషికి రజాయి కప్పినట్టు. కాసేపు పనిచేస్తే చాలు, పెట్టె కుతకుతలాడి, చల్లబడటానికి తన వేగం తనే తగ్గించుకుంటోంది. ఇంట్లో ప్రతిదానికీ తొడుగు ఉంటుంది కాబట్టి ఇదొక్కటి ఎవరి కంటికీ ఆనలేదు.

విషయం తొడుగులమ్మకి చెప్పకుండానే అర్థమైంది. కోడలు ఏమంటుందోనని చూసింది. అనాలంటే ఎన్ని లేవు? ఎవరడిగారు ఈ తొడుగు అనొచ్చు. మీ వల్లే నా రోజు పోయింది అనొచ్చు. తనైతే ఊరంతా వినపడేలా అనేది. కోడలు బొత్తాలు ఒక్కొక్కటే ఊడదీసి, తొడుగుని మడత నలగకుండా తీసి అత్తగారి చేతిలో పెట్టింది. "కారణం దొరికింది అత్తయ్యా, ఇక భయం లేదు" అంది. దెప్పిపొడుపు లేదు, నిష్టూరం లేదు. ఎంత మనసే దీనిది అనుకుంది తొడుగులమ్మ, కళ్ళు చెమర్చాయి.

ప్లగ్గు పీకి, పక్క రేకు విప్పితే లోపల ఫ్యాను రెక్కల నిండా పీచు. దుమ్ము కాదు, కుట్టుగది పీచు, రంగురంగుల నూలు. అది చూడగానే తొడుగులమ్మకి ప్రాణం లేచొచ్చింది. మిషను అడుగున చేరే పీచుని రోజూ తీసే చెయ్యి ఆవిడది. తన మెత్తని కుంచె తెచ్చుకుంది. "రెక్క తిరక్కుండా నేను పట్టుకుంటాను, మీరు ఊడ్చండి" అంది కోడలు. ఇద్దరూ తలలు ఆనించుకుని ఊడ్చారు. చివరికి ఆ పెట్టెలోంచి వచ్చిన పీచుతో ఒక బొమ్మ దిండు నింపొచ్చు.

మళ్ళీ లేపితే హోరు లేదు. పెట్టె నడుస్తోందో లేదో చెవి పెట్టి వినాల్సొచ్చింది. కానీ బోసి గోడలకి గొంతు తగిలి గింగురుమంటోందని కోడలు అనేసరికి, తొడుగులమ్మ ఇల్లంతా కలియతిరిగి ఫ్రిజ్జు తొడుగు, టీవీ తొడుగు, మిక్సీ తొడుగు అన్నీ ఊడదీసి తెచ్చింది. తాడు కట్టి మైకు చుట్టూ వేలాడదీసింది. ముసలాడి దూది తొడుగు సరిగ్గా మైకు వెనకాల. "దీన్ని కుట్టింది ఇందుకన్నమాట, నాకే తెలియలేదు" అంది. గింగురు పోయింది. అప్పటికి ఎండ కిటికీ దాటి గోడెక్కింది.

కోడలు చదవసాగింది. తొడుగులమ్మ స్టూలు మీద చేతులు కట్టుకుని కూర్చుంది, ఊపిరి కూడా చూసి చూసి తీసుకుంటూ. తేనెటీగ పువ్వు మీద వాలడం, గూటికి తిరిగొచ్చి తోటి ఈగలకి దారి చెప్పడం... చూపులేని పిల్లకి పువ్వు పసుపని చెబితే ఏం లాభం? అందుకేనేమో, పుప్పొడి దగ్గరికొచ్చేసరికి కోడలి గొంతు వేలికొసల మీద పిండి రాసుకున్నంత మెత్తగా అయింది. ఇన్నాళ్ళూ ఈ గొంతు తన ఇంట్లోనే నోరు మూసుకుని కూర్చుందా! తొడుగులమ్మ పెదవులు బిగించింది, కొంగు నోట్లో కుక్కుకుంది. ఆఖరి వాక్యం సగంలో ఉండగా ఇక ఆవిడ వల్ల కాలేదు.

"ఇదీ చదవడమంటే! ఎవడే నీ గొంతుకి ఇవి రోజులు కావన్నది? వాణ్ణి పిలు, నా ఎదురుగా అనమను!"

అనేశాక నాలుక కరుచుకుంది. "అయ్యో, నా నోరు పడిపోను! అంతా పాడుచేశాను కదే!"

కోడలు ఆఖరి వాక్యం మళ్ళీ ఒకసారి చదివింది. తర్వాత తెర మీద ఆ చోటు తెరిచి విన్నది. ఎక్కడ కోయాలో చూడటానికి అంది. ఇంకోసారి విన్నది. మూడోసారి కూడా విన్నది. ఈ పనిలో ఓనమాలు తెలియని తొడుగులమ్మకి కూడా తెలుస్తోంది, కోయడానికి ఒకసారి వింటే సరిపోతుందని. కోడలి భుజాలు చిన్నగా అదురుతున్నాయి.

"ఆఫీసు మూసేస్తారే, పంపవే తల్లీ!"

కోసింది, అతికింది. పొద్దున్నైతే ఆ పనికే పూట గడిచేది. ఇప్పుడు ముసలాడు రెప్పపాటులో అతికి ఇచ్చాడు, మరో రెప్పపాటులో పంపేశాడు.

మర్నాడు పొద్దున్నే జవాబొచ్చింది. గొంతు బాగుంది, ధ్వని శుభ్రంగా ఉంది, ఈ ఏడాది పాఠాలన్నీ మీరే చదవాలి, ఇవాళే మొదలుపెట్టగలరా అని. కోడలు చదివి వినిపిస్తుంటే, పూర్తయ్యేదాకా ఆగకుండానే తొడుగులమ్మ కొడుకుని కేకేసింది. మిషనుకి ఒక కొస తను పట్టింది, రెండో కొస వాణ్ణి పట్టమంది. కొత్త పెళ్ళికూతురిగా వచ్చిన నాటి నుంచీ కుట్టుగది కిటికీ కిందే కుట్టింది ఆవిడ. కోడలు వద్దు వద్దంటూ అడ్డం పడినా వినలేదు. మిషను, కత్తెరబల్ల, పీచు, దారాలు అన్నీ వసారాలోకి చేరాయి.

మధ్యాహ్నం ఎదురింటామె గౌను కొలతకని వచ్చి గుమ్మంలోనే నోరు తెరిచింది. "ఇదేంటమ్మా, అంత వెలుతురున్న కిటికీ వదిలేసి ఈ చీకట్లో..."

"మెల్లిగా మాట్లాడు" అంది తొడుగులమ్మ టేపు తీస్తూ. "లోపల మా కోడలు చదువుతోంది."