నాడె పురస్కారం, మొదటి ఏడు

నేతగాళ్ల ఊరు కావుంపాడిలో ఫిల్మ్ సొసైటీ వాళ్లు డాక్యుమెంటరీలకిచ్చే పురస్కారం ఒక చెక్క నాడె. మగ్గం మీద అటూ ఇటూ పరుగెత్తి అరిగిపోయిన పాత నాడెకే ఇంత నూనె రాసి చేతిలో పెడతారు. దాన్ని చూసి పెదవి విరిచినవాళ్లున్నారు గానీ, వద్దన్నవాళ్లు ఇంతవరకూ లేరు. ఎందుకంటే అది ఇచ్చేది న్యాయనిర్ణేతలు కాదు. సినిమాలో కనిపించిన మనుషుల్నే ముందు వరసలో కూర్చోబెట్టి చూపిస్తారు. అయ్యాక వాళ్లు లేచి "ఇది మేమే" అంటేనే నాడె. అనకపోతే ఎంతటి దర్శకుడైనా వట్టి చేతులతో బస్సెక్కాల్సిందే.

ఆ పురస్కారం యాభయ్యేళ్ల చరిత్ర రాసే పని వనజ నెత్తిన పడింది. ఆమె నేత సహకార సంఘంలో గుమాస్తా. నాలుగు నెలలు పాత మినిట్సు పుస్తకాలు ముందేసుకుని కూర్చుంది. పదకొండో ఏడు దగ్గర నవ్వాపుకోలేకపోయింది. ఆ ఏడు సినిమా చేపలవాళ్ల మీద. అయిపోగానే ఒక ముసలాయన లేచి, "మేమింత ఏడుపుగొట్టు మొహాలమా? వల లాగుతూ గొంతులు పోయేలా పాడాం, ఒక్క పాటైనా పెట్టావా నువ్వు?" అని కడిగేశాడట. తీసినాయన వెళ్లి, రెండేళ్లు వాళ్లతోనే ఉండి మళ్లీ కొత్తగా తీసి తెచ్చాడు. అప్పుడిచ్చారు. పేరూ ఊరూ లేని జనం ఇంత మొండిగా, ఇంత దర్జాగా తీర్పు చెప్పగలగడం చూసి వనజకు చదువుతున్నకొద్దీ అబ్బురమనిపించేది.

కానీ ఆమె ఈ పని ఒప్పుకున్నది దానికోసం కాదు. మొదటి ఏడు నాడె అందుకున్న సినిమా కావుంపాడి నేత కొట్టంలోనే తీశారు. అందులో ఆమె తల్లి జాను ఉంది. వనజకు ఏడాది నిండకముందే జాను జ్వరంతో పోయింది. ఇంట్లో ఫోటో ఒక్కటీ లేదు. అమ్మ మొహం ఈ భూమ్మీద ఎక్కడైనా మిగిలి ఉందంటే ఆ రీళ్లలోనే.

రీళ్ల డబ్బాలు సంఘం గోదాములో అటక మీద దొరికాయి. తడి తగలకూడదని ఎవరో మహానుభావుడు నూలు చిలపల చుట్టల్ని కట్టినట్టే వాటినీ ప్లాస్టిక్ సంచుల్లో పెట్టి, గాలి చొరకుండా మూతి బిగించాడు. నూలుకు అది మేలే. ఫిలిముకు మాత్రం ఊపిరాడలేదు. డబ్బా మూత తీయగానే వెనిగర్ వాసన గుప్పుమంది. లోపల రీలంతా బెల్లపు అచ్చులా గడ్డకట్టి ఉంది. మిగతా డబ్బాల్లోనూ అంతే. వనజ ఆ మూత ఒళ్లో పెట్టుకుని నేలమీద చతికిలబడింది.

"లే మోళే, లే తల్లీ," అన్నాడు కుంజంబు మాష్. సొసైటీ పెట్టిన ముగ్గురిలో ఇప్పటికి మిగిలిన ఒక్కడు, ఎనభై నాలుగేళ్లవాడు, ఒకప్పటి బడిపంతులు గనక ఊరందరికీ మాష్. ఆ సినిమాకు మైకు పట్టుకున్నదీ ఆయనే. "బొమ్మ పోయింది, నిజమే. శబ్దం టేపులు వేరు. అవి మా ఇంట్లో ట్రంకుపెట్టెలో ఉన్నాయి."

"ఇన్నేళ్లూ ఒక్క మాటైనా చెప్పలేదేం మాష్?"

"ఎవరడిగారు? అందరికీ బొమ్మే కావాలి."

ఆదివారం పొద్దున నేత కొట్టంలో బల్ల మీద మాష్ తన పాత టేపు మిషను పెట్టాడు. అప్పటి సినిమాలో ఉన్న ముసలివాళ్లు ఓ పదిమంది వచ్చారు. అందరిలోకీ పెద్దది, ఊరంతా అక్కా అన్నట్టు ఏచ్చీ అని పిలిచే నారాయణేచ్చి తమలపాకు నములుతూ ముందు కూర్చుంది.

టేపు తిరిగింది. ముప్పై మగ్గాలు ఒక్కసారిగా మోగాయి. వనజకు రేకుల మీద వానలా ఒకటే రొద. ఇందులో అమ్మను ఎక్కడని వెతకడం? ఆమెకు దిగులు కమ్ముకొచ్చింది.

నారాయణేచ్చి మాత్రం కళ్లు మూసుకుంది. "ఇది కౌసు మగ్గం, పలక వదులై లొడలొడమంటుంది. ఇది నాది. చూశారా ఎంత జోరో!"

"జోరు కాదు, దారాలు తెంపుతున్నావు," అన్నాడు మాష్.

"ఊరుకో మాష్." ఉన్నట్టుండి ఆవిడ చెయ్యెత్తింది. "అదిగో! జానుది."

"ఎలా తెలుసు ఏచ్చీ?" అడిగింది వనజ.

"దెబ్బకూ దెబ్బకూ మధ్య కీచుమంటోంది, విను. అది నీ ఊయల. దూలానికి వేలాడదీసి, తాడు కొస కాలికి కట్టుకునేది. మగ్గం తొక్కినప్పుడల్లా నువ్వు ఊగేదానివి."

మైకు దగ్గరికి జరిపినట్టున్నారు, మిగతా మగ్గాలు వెనక్కి తగ్గాయి. ఠక్, కీచ్. ఠక్, కీచ్. వనజ మిషను వైపు జరిగింది. అమ్మ కోసం వెతుకుతూ వచ్చిన చోట తను కూడా ఉంది. మూడు మూరల గుడ్డలో పడుకుని, అమ్మ పాదానికి కట్టుబడి ఊగుతోంది.

మగ్గం ఆగింది. చెవి పక్కనే ఒక ఆడగొంతు చుర్రుమంది.

"మాష్, ఆ గొట్టం అవతల పెట్టండి. పిల్ల లేస్తే మీరిస్తారా పాలు?"

కొట్టమంతా గొల్లుమంది. "అచ్చం జానే! ఆ నోరే!" అంటూ నారాయణేచ్చి తొడ చరిచింది. మాష్ తల పట్టుకున్నాడు. "సిగ్గేసి ఈ ముక్క నేనే కోసేయించాను. సినిమాలో లేనే లేదిది!"

రీలు బాగుండి ఉంటే ఈ గొంతు ఎప్పటికీ వినేది కాదని వనజకు అర్థమైంది. పక్కనున్న మగ్గం కర్ర పట్టుకుంది.

టేపులో పిల్ల లేవనే లేచింది. కేరుమంది. జాను గొంతు మెత్తబడింది.

"వచ్చా మోళే, వచ్చా. ఎక్కడికీ పోలేదు, ఇక్కడే ఉన్నా."

నవ్వులు ఆగిపోయాయి. అందరూ చూస్తుండగానే వనజ వంగి, టేపు మిషనుకు మొహం దగ్గరగా పెట్టి, "అమ్మా" అంది. ఆ మాటతో ఎవరినైనా పిలవడం ఆమెకు అదే మొదటిసారి.